సదస్సు అతిథులకు క్యాంపస్‌లో బస, చూడదగ్గ చోట్లు: రెండూ కలిపి ప్లాన్ చేయండి

మీరు అడిగింది ఇదీ: మూడు రోజుల అంతర్జాతీయ సదస్సు, రెండువందల యాభై మంది దాకా అతిథులు. యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌లో గదులు తక్కువ, సెలవులు కాబట్టి విద్యార్థుల హాస్టళ్లు ఖాళీ అవుతాయి, ఊళ్లో హోటళ్లున్నాయి. ఎవర్ని ఎక్కడ ఉంచాలి? రెండో రోజు మధ్యాహ్నం ఖాళీగా వదిలారు కదా, అప్పుడు ఏం చూపించాలి? చాలా ఏళ్లుగా యూనివర్సిటీలో ఈ ఏర్పాట్లే నా పని కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నాను.

వీటిని మీరు రెండు ప్రశ్నలుగా అడిగారు గానీ, నా లెక్కలో రెండూ ఒకటే. మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటాడో దాన్నిబట్టే సాయంత్రం ఏం చూస్తాడో, ఎవరితో మాట్లాడతాడో తేలిపోతుంది. దూరపు హోటల్లో దింపారనుకోండి, చివరి ప్రసంగం సగంలో ఉండగానే బస్సు వెళ్లిపోతుందేమోనని గడియారం చూసుకోవడం మొదలవుతుంది. అదే పది నిమిషాల నడకలో గది ఉంటే, సాయంత్రం ఆరు తర్వాత కూడా జనం క్యాంపస్‌లోనే ఉంటారు, చెట్ల కింద గుంపులుగా నిలబడి వాదించుకుంటారు. సదస్సుకి వచ్చిన అసలు ప్రయోజనం చాలామందికి అక్కడే నెరవేరుతుంది. అందుకని నా మొదటి సలహా: గది కాస్త సాదాగా ఉన్నా సరే, వీలైనంత మందిని నడిచి రాగల దూరంలో పెట్టండి.

ఇక లెక్క. ‘రెండువందల యాభై మంది, కాబట్టి ఇన్ని గదులు’ అని ఒకే అంకె వేసుకోకండి. రాత్రుల వారీగా పట్టిక గీయండి. దూరదేశాల నుంచి వచ్చేవాళ్లు విమానం దొరికిన రోజున వస్తారు, అంటే ఒకటి రెండు రోజులు ముందే దిగుతారు. ఎక్కువమంది సదస్సు ముందు రోజు సాయంత్రానికి చేరతారు. చివరి రోజు రాత్రికి సగం గదులు ఖాళీ అయినా ఆశ్చర్యం లేదు. హోటల్‌తో మాట్లాడేటప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఈ రాత్రుల పట్టికే. అది లేకుండా కూర్చుంటే, వాళ్లు మూడు రాత్రులకీ ఒకే సంఖ్య రాసి సంతకం పెట్టించుకుంటారు.

హోటల్ ఒప్పందంలో రెండు విషయాలు చూడండి, మిగతావి మీ అకౌంట్స్ వాళ్లు చూసుకుంటారు. ఒకటి కట్-ఆఫ్ తేదీ: ఆ తేదీ దాటితే, మీ కోసం పక్కన పెట్టిన గదుల్లో ఇంకా బుక్ కానివాటిని హోటల్ మామూలు గిరాకీకి వదిలేస్తుంది. రెండోది అట్రిషన్ షరతు: అడిగిన గదుల్లో కనీసం ఇంత శాతం నిండాలి, నిండకపోతే తేడా మీరే కట్టాలి అనేది. ఉదాహరణకి మూడు రాత్రులకీ కలిపి వంద గదులు అడిగి, ఎనభై శాతం షరతుకి ఒప్పుకుని, అరవై మాత్రమే నిండితే, మిగతా ఇరవైకి బిల్లు మీ పేరునే వస్తుంది. ఆశకొద్దీ ఎక్కువ గదులు పట్టుకోవడం కంటే తక్కువతో మొదలుపెట్టి, అవసరమైతే పెంచుకునే వీలు రాయించుకోవడం మేలు. రిజిస్ట్రేషన్ రాయితీ గడువుని కట్-ఆఫ్ తేదీకి రెండు వారాలైనా ముందు పెట్టండి. అప్పటికి ఎంతమంది వస్తారో ఓ అంచనా చిక్కుతుంది, ఎక్కువైన గదుల్ని వదిలించుకునే వ్యవధీ ఉంటుంది.

సదస్సు పేరు, వక్తల జాబితా వెబ్‌సైట్‌లో కనిపించగానే, మీతో ఏ సంబంధమూ లేని ఏజెంట్లు ‘మేం సదస్సు అధికారిక బస విభాగం వాళ్లం’ అంటూ వక్తలకి ఈమెయిళ్లు పంపడం, ఫోన్లు చేయడం మామూలే. క్రెడిట్ కార్డు వివరాలు తీసుకుంటారు, తీరా వచ్చాక గది ఉండదు. వెబ్‌సైట్‌లో బస పేజీ మొదటి వాక్యమే ఇలా రాయండి: ‘మేం ఎవరికీ ఫోన్ చేసి కార్డు వివరాలు అడగం, బుకింగ్ ఈ పేజీ ద్వారానే.’ వక్తలకి పంపే ఆహ్వానంలోనూ అదే వాక్యం పెట్టండి.

ఇప్పుడు హాస్టళ్ల సంగతి. విద్యార్థుల గదుల్ని సెలవుల్లో సదస్సులకీ యాత్రికులకీ ఇవ్వడం ప్రపంచమంతటా ఉన్నదే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కాలేజీలు ఏటా ఆ పని చేస్తాయి. ఇంగ్లండ్‌లోనే డరమ్ అనే ఊళ్లోనైతే 11వ శతాబ్దంలో కట్టడం మొదలుపెట్టిన కోటలోనే యూనివర్సిటీ కాలేజీ విద్యార్థులు ఉంటారు, సెలవుల్లో అక్కడి గదులు అతిథులకి ఇస్తారు. పక్కనున్న కెథెడ్రల్‌తో కలిపి ఆ కోట 1986 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. బసే చూడదగ్గ చోటు అన్నమాట. మనందరికీ కోటలు ఉండవు, ఫరవాలేదు. శుభ్రమైన పక్క, తలుపుకి పనిచేసే తాళం, వేడినీళ్లు ఉంటే పరిశోధకులు ఇంకేమీ అడగరు.

అయితే ఆ మూడూ ఉన్నాయని వార్డెన్ మాట మీద నమ్మకండి. మీరే ఒక రాత్రి వెళ్లి ఆ గదిలో పడుకోండి. పగటిపూట తనిఖీలో కనిపించనివన్నీ అప్పుడు బయటపడతాయి. ప్లగ్ పాయింటు బల్ల దగ్గర ఉంటుంది, మంచం అవతలి గోడకి ఉంటుంది. తలుపు పైనున్న అద్దంలోంచి వరండా లైటు తెల్లవార్లూ మొహం మీద పడుతుంది. అలమర తీస్తే పాత విద్యార్థి పుస్తకాలు, ఓ పగిలిన బ్యాడ్మింటన్ రాకెట్. బాత్‌రూమ్‌లో తువ్వాలు తగిలించుకునే మేకు లేదు, అద్దం లేదు. తాళంచెవి సగం తిరిగి ఆగిపోతుంది, కాస్త పైకెత్తి తిప్పితే గానీ కదలదు. ఆ కిటుకు అక్కడుండే విద్యార్థికి తెలుసు, అర్ధరాత్రి విమానం దిగి వచ్చిన ప్రొఫెసర్‌కి తెలియదు. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు, ముందు తెలియాలంతే.

వేడినీళ్ల గురించి విడిగా చెప్పాలి. ‘మూడువందల మంది విద్యార్థులుండే భవనం, నూట యాభై మందికి సరిపోదా?’ అంటారు. సరిపోకపోవచ్చు. విద్యార్థులు ఒకడు ఆరింటికి, ఒకడు పదింటికి, ఒకడు అసలు స్నానమే లేకుండా క్లాసుకి పోతాడు. సదస్సు అతిథులందరికీ తొమ్మిదింటికి మొదటి ప్రసంగం. నూట యాభై మందీ ఏడుకీ ఎనిమిదికీ మధ్యనే కుళాయి తిప్పుతారు. అందుకని పై అంతస్తులో చివరి గది బాత్‌రూమ్‌లో, కింద కుళాయిలన్నీ తెరిపించి, నీళ్లు ఎలా వస్తున్నాయో ఒకసారి చూసుకోండి. వైఫై కూడా ఇంతే, రాత్రి పదింటికి అందరూ ఒక్కసారే ఇంటికి వీడియో కాల్ చేస్తారు.

సెలవులు మొదలైన మర్నాడే అతిథుల్ని దింపకండి. విద్యార్థులు ఖాళీ చేయడానికీ మీరు తాళాలు తీసుకోడానికీ మధ్య కనీసం మూడు నాలుగు రోజులు ఉండాలి. ఇంజినీరింగ్ విభాగం వాళ్లు రంగులు, పైపుల మరమ్మతులు పెట్టుకునేదీ ఈ సెలవుల్లోనే. మీ సదస్సు తేదీలు వాళ్లకి కాగితం మీద ఇవ్వకపోతే, అతిథులు దిగిన రోజునే మెట్ల మీద పెయింటు డబ్బాలు ఉంటాయి. పరీక్షల తేదీలు, స్నాతకోత్సవం కూడా చూసుకోండి. స్నాతకోత్సవం వారంలో ఊళ్లో హోటల్ గది దొరకడం గగనం.

ఎవర్ని ఎక్కడ పెట్టాలి అన్నదానికి నా పద్ధతి చెబుతాను. గెస్ట్‌హౌస్ గదులన్నీ ‘పెద్దవాళ్లకి’ అని ముందే రాసేసుకోకండి. మొదట మెట్లెక్కలేనివాళ్లకి, చంటిపిల్లలతో వచ్చేవాళ్లకి, వైద్య అవసరాలున్నవాళ్లకి ఇవ్వండి, మిగిలితే ముఖ్య వక్తలకి. నిజానికి పేరున్న వక్తల్లో చాలామంది హాస్టల్ గదికి నవ్వుతూ ఒప్పుకుంటారు, ముందే చెప్పాలంతే. ఇబ్బందల్లా చెప్పకుండా పెట్టినప్పుడే. బస పేజీలో గది ఫొటో ఉన్నదున్నట్టు పెట్టండి: ఒంటి మంచం, ఉమ్మడి బాత్‌రూమ్ అయితే ఆ ముక్క మొదటి వరుసలోనే.

ఇద్దరికి ఒక గది ఇచ్చేచోట, ఇద్దరి అనుమతీ రాతపూర్వకంగా తీసుకోండి. గైడ్‌నీ అతని పరిశోధక విద్యార్థినీ ఒకే గదిలో ఎప్పుడూ వేయకండి. ‘ఒకే డిపార్ట్‌మెంటే కదా’ అని వాలంటీర్లు సులువుగా చేసేసే పని ఇది. విద్యార్థి కాదనలేడు, మూడు రాత్రులూ ముళ్ల మీద ఉన్నట్టు గడుపుతాడు. పిల్లల్ని తెస్తామని ఎవరైనా రాస్తే, మీ హాస్టల్ నిబంధనలు పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లని అనుమతిస్తాయో లేదో ముందు కనుక్కోండి, చాలాచోట్ల ఇన్సూరెన్స్ ఒప్పుకోదు.

చక్రాల కుర్చీ వాడేవాళ్ల కోసం ‘మా భవనానికి లిఫ్ట్ ఉంది’ అనే సమాధానం చాలదు. ఖాళీ చక్రాల కుర్చీ ఒకటి తీసుకుని గది నుంచి సభామందిరం దాకా, అక్కణ్ణుంచి వేదిక మీదికి, మరుగుదొడ్డిలోకి తోసుకుంటూ వెళ్లి చూడండి. లిఫ్ట్ ముందు రెండు మెట్లు, బాత్‌రూమ్ తలుపు ఇరుకు, వేదికకి ర్యాంపు లేకపోవడం అప్పుడే తెలుస్తాయి. రిజిస్ట్రేషన్ ఫారంలో ‘మీకు వైకల్యం ఉందా’ అని కాకుండా ‘బస విషయంలో, రాకపోకల విషయంలో మేం ఏం ఏర్పాటు చేయాలి’ అని అడగండి. మోకాలి నొప్పి ఉన్నాయన కూడా జవాబు రాస్తాడు.

విదేశీ అతిథుల నమోదు సంగతి మర్చిపోకండి. చాలా దేశాల్లో, విదేశీయుడికి బస ఇచ్చినవాళ్లు ఆ సంగతి అధికారులకి తెలపాలి. ఇటలీలో పోలీసులకి, భారతదేశంలో విదేశీయుల నమోదు అధికారులకి, రెండుచోట్లా ఆన్‌లైన్‌లో, 24 గంటల లోపు. హోటల్ అయితే వాళ్లే చేసుకుంటారు, హాస్టల్ అయితే ఆ పని మీది. మీ దేశంలో నిబంధన ఏమిటో యూనివర్సిటీ అంతర్జాతీయ విభాగాన్ని అడిగి, బాధ్యుడి పేరు ఒకటి రాసిపెట్టుకోండి. పాస్‌పోర్ట్ కాపీలు మాత్రం వాలంటీర్ల సొంత ఈమెయిళ్లకి తెప్పించకండి.

వైఫైకి ఎడ్యురోమ్ ఉంటే సగం బాధ తీరినట్టే. వందకు పైగా దేశాల్లో ఉన్న ఏర్పాటు ఇది. సభ్యసంస్థ నుంచి వచ్చినవాళ్లు తమ సొంత యూనివర్సిటీ పాస్‌వర్డ్‌తోనే మీ క్యాంపస్‌లో కలుస్తారు. కాకపోతే కంపెనీల నుంచి, స్వచ్ఛంద సంస్థల నుంచి వచ్చేవాళ్లకి అది ఉండదు, వాళ్లకి అతిథి ఖాతాలు ముందే తయారుచేసి బ్యాడ్జీ వెనక అచ్చువేయండి. హాస్టల్ భవనంలో ఎడ్యురోమ్ సిగ్నల్ అందుతుందా అన్నది వేరే ప్రశ్న, అది పడుకోడానికి వెళ్లిన రాత్రే చూసుకోండి.

దారి చూపించే బోర్డుల మీద అధికారిక పేర్లే పెట్టి ఊరుకోకండి. ప్రతి క్యాంపస్‌లో ఒక్కో భవనానికి మూడు పేర్లుంటాయి: రాతిఫలకం మీది పేరు, ప్లాన్‌లో ఉండే నంబరు, అందరూ వాడే పాత పేరు. అతిథి ఫలకం పేరు అడుగుతాడు, కాపలా మనిషికి పాత పేరే తెలుసు. మ్యాప్ మీద రెండూ వేయండి, కాపలావాళ్లకీ ఒక్కో కాపీ ఇవ్వండి. అర్ధరాత్రి దిగేవాళ్లకి తాళం ఇచ్చే మనిషి ఎవరో, ఫోన్ నంబరేమిటో ముందురోజే సందేశం పంపండి. చివరి రోజున సభామందిరం పక్కనే సామాన్ల గది ఒకటి తాళం వేసి పెట్టండి. అది లేకపోతే గది ఖాళీ చేసిన జనం సూట్‌కేసుల్ని హాల్లోకి ఈడ్చుకొస్తారు, లేదా మధ్యాహ్నానికే వెళ్లిపోతారు. చివరి సెషన్ వక్త ఖాళీ కుర్చీలకి ప్రసంగించడానికి సగం కారణం సామానే.

ఇక చూపించే చోట్లు. బస్సులు పెట్టి ఊరంతా తిప్పడం నాకు నచ్చని పద్ధతి. మూడు గంటల మధ్యాహ్నంలో ఎక్కడానికి అరగంట, ట్రాఫిక్‌లో గంట, లెక్క తప్పినవాళ్ల కోసం ఎదురుచూపు ఇంకో ఇరవై నిమిషాలు పోగా, చూడడానికి మిగిలేది గంటే. పైగా ఊళ్లో ప్రసిద్ధమైనవి అతిథి తనంతట తాను చూడగలడు, ఫోన్‌లో దారి ఉంటుంది, టికెట్ దొరుకుతుంది. మీరు మాత్రమే తెరవగల తలుపులు కొన్ని ఉంటాయి. అవి మీ క్యాంపస్‌లోనే ఉంటాయి.

‘మా దగ్గర అంత చూడదగ్గవేం ఉన్నాయి’ అంటారేమో. ఇటలీలో పాడువా యూనివర్సిటీకి 1595 నాటి శరీరశాస్త్ర రంగస్థలం (శవాన్ని కోసి చూపిస్తూ పాఠం చెప్పిన గది) ఉంది, 1545లో మొదలైన వృక్షోద్యానం ఉంది, గెలీలియో 1592 నుంచి 1610 దాకా అక్కడే పాఠాలు చెప్పాడు. పోర్చుగల్‌లో కోయింబ్రా యూనివర్సిటీలో, 18వ శతాబ్దపు జోవనినా గ్రంథాలయంలో పుస్తకాల్ని తినే పురుగుల్ని గబ్బిలాలు పట్టి తింటాయి, సిబ్బంది రాత్రిపూట బల్లల మీద తోలు గుడ్డలు కప్పి వెళ్తారు. అలాంటివి అందరికీ ఉండవు, నిజమే. కానీ ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో జనం ఆగి చూసేది ఏమిటో తెలుసా? ఒక గాజు గరాటులో తారు ముద్ద. 1927లో థామస్ పార్నెల్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టాడు. సుత్తితో కొడితే ముక్కలయ్యే తారు నిజానికి ద్రవమేనని చూపించడానికి. 2014 నాటికి రాలినవి తొమ్మిది బొట్లు. 1988లో బొట్టు రాలే సమయానికి, ఏళ్లుగా కాపలా కాసిన జాన్ మెయిన్‌స్టోన్ కాస్త తాగడానికేదో తెచ్చుకుందామని బయటికి వెళ్లాడు. 2000లో ఇంకో బొట్టు రాలినప్పుడు కెమెరా పనిచేయలేదు. ఆక్స్‌ఫర్డ్ క్లారెండన్ ప్రయోగశాలలో 1840 నుంచి పాత బ్యాటరీ మీద మోగుతున్న గంట ఒకటి ఉంది, రెండు పొరల గాజు వెనక ఉండటంతో చప్పుడు వినిపించదు. అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో 94 మీటర్ల గంటల గోపురం ఎక్కడానికి అందరూ వస్తారు, లోపలి అంతస్తుల్లో లాస్ ఏంజెలెస్‌లోని లా బ్రియా తారు గుంటల శిలాజాలు దాచి ఉన్నాయని తెలిసినవాళ్లు తక్కువ.

వీటన్నిట్లోనూ చూపించడానికి ఒక వస్తువుంది, దాని కథ తెలిసిన మనిషీ ఉన్నాడు. అవి మీ దగ్గరా ఉంటాయి. జియాలజీ విభాగం బీరువాల్లో రాళ్లు, బోటనీ వాళ్ల హెర్బేరియంలో ఎండబెట్టి దాచిన వందేళ్లనాటి ఆకులు, లైబ్రరీలో చేతిరాత ప్రతులు, మూలపడ్డ పాత పరికరాలు. డిపార్ట్‌మెంట్లకి వెళ్లి ‘మీ దగ్గర అతిథులకి చూపించదగ్గవేమిటి’ అని అడిగితే ‘ఏం లేవండీ’ అంటారు. ‘మీ ఇంటికి చుట్టాలొస్తే డిపార్ట్‌మెంట్‌లో ఏం చూపించారు’ అని అడగండి. అప్పుడు ల్యాబ్ అసిస్టెంట్ నవ్వి తాళాలగుత్తి తీస్తాడు. ఇలాంటి మనిషిని గైడ్‌గా పెట్టుకోండి, పీఆర్ విభాగం బట్టీయం కంటే వెయ్యిరెట్లు నయం. ఆయన గంటల్ని డ్యూటీగా లెక్క వేయించి, ఒక కృతజ్ఞతా పత్రం ఇప్పించండి.

ప్రదర్శనశాలలు, తోటల విషయంలో వేళలు చూసుకోండి. చాలా మ్యూజియాలు సోమవారం మూసేస్తారు, చాలా సదస్సులు సోమవారమే మొదలవుతాయి! సాయంత్రం ప్రత్యేకంగా తెరవమంటే ఒప్పుకుంటారు గానీ, కాపలాకీ లైట్లకీ ఎవరు కడతారన్నది ముందే తేల్చుకోవాలి. ఒక గైడ్‌కి పన్నెండు పదిహేను మందిని మించి ఇవ్వకండి, వెనక వరుసకి వినపడదు. ప్రయోగశాల అయితే భద్రతాధికారి అనుమతి, కాలివేళ్లు కప్పే చెప్పుల నిబంధన, ఫొటోలు తీయవచ్చా లేదా అన్నవి ముందురోజే అతిథులకి తెలియాలి. కొన్ని ల్యాబుల్లో విదేశీయుల పేర్లు వారాల ముందు పంపాలి.

టెలిస్కోప్ ఉంటే దాన్ని వదలకండి, కాకపోతే తేదీ చంద్రుణ్ణి బట్టి చూసుకోండి. పౌర్ణమికి దగ్గరైతే ఆకాశమంతా వెలుగే, గెలాక్సీలు కనబడవు. చంద్రుడి గుంటలు బాగా కనిపించాలంటే శుక్లపక్షం అష్టమి ప్రాంతం మంచిది, పక్కనుంచి పడే వెలుగుకి నీడలు సాగి గోతులన్నీ తేలి కనిపిస్తాయి. మబ్బు పడితే అదే హాల్లో గంటసేపు ఏం చేయాలో కూడా సిద్ధంగా పెట్టుకోండి.

మీ ఖాళీ మధ్యాహ్నానికి నేనైతే క్యాంపస్‌లోనే మూడు నాలుగు చోట్లు ఒకేసారి తెరిచి, అరగంటకో జట్టు చొప్పున పంపుతాను. నడిచే ఓపిక లేనివాళ్లకి నీడలో కుర్చీలు వేయండి. ఏ కార్యక్రమమూ వద్దు, గదికి వెళ్లి పడుకుంటాం అనేవాళ్లని వదిలేయండి, పది గంటల కాలభేదం దాటి వచ్చినవాళ్లకి ఆ నిద్రే పెద్ద సత్కారం. ఊరు చూడాలనేవాళ్లకి బస్సు బదులు ఒక కాగితం ఇవ్వండి: ఏ చోటుకి ఎలా వెళ్లాలి, ఎంతసేపు పడుతుంది, ఎన్నింటికి మూసేస్తారు, రాత్రి తిరిగొచ్చేటప్పుడు ఏ గేటు తెరిచి ఉంటుంది. చివరిది రాయడం అందరూ మర్చిపోతారు.

ఎంతమంది వస్తారన్న లెక్క మాత్రం రిజిస్ట్రేషన్ ఫారం నుంచి తీసుకోకండి. నాలుగు నెలల ముందు ఉచితమని చూసి అందరూ టిక్కు పెడతారు. మొదటి రోజు ఉదయం డెస్క్ దగ్గర ఒక్కో చోటుకి ఒక్కో కాగితం పెట్టి, సమయాలు వేసి, పేర్లు వాళ్ల చేతే రాయించండి. భోజన విరామానికి ఏ కాగితం నిండిందో ఏది ఖాళీగా ఉందో కనిపిస్తుంది, నిండినదానికి సాయంత్రంలోగా ఇంకో గైడ్‌ని అడగొచ్చు.